రేపు రమ్మన్న సర్వర్: స్పామ్ జల్లెడ, గ్రేలిస్టింగ్‌ల వెనక కథ

ఈసారి పోస్టు కాస్త పొడుగు. తీరిక చూసుకొని చదవండి.

కౌన్సెలింగ్ కబురు ఇన్‌బాక్స్‌లో కనపడక, గడువు దాటిపోయాక స్పామ్ ఫోల్డర్‌లో దొరకడం మన పిల్లల్లో చాలామందికి తెలిసిన విషయమే. అవతలివాళ్ళని అడిగితే "మేం పంపేం, మీరే చూసుకోలేదు" అంటారు. పంపిన మాట నిజమే. మరి మధ్యలో ఆపిందెవరు? ఒక యంత్రం. ఎవర్ని లోపలికి రానివ్వాలి, ఎవర్ని గుమ్మం బయట నిలబెట్టాలి అన్నది ఆ యంత్రానికి ఎవరో ఒకరు నేర్పేరు. ఎవరు నేర్పేరు, ఎప్పుడు, ఏం అనుకొని నేర్పేరు అన్నదే ఈ పోస్టు.

ఇంకో కారణం కూడా ఉంది. సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, పాచిపెంట వైపు నుంచి డిప్లొమాలు, డిగ్రీలు చేసి విశాఖలో, హైదరాబాద్‌లో సర్వర్లు చూసే పనుల్లో చేరినవాళ్ళు ఇప్పుడు మనలో ఉన్నారు. చిన్న కాలేజీకో, ఆసుపత్రికో, సంఘానికో విండోస్ మెయిల్ సర్వర్ పెట్టమంటే ఆ సెట్టింగులు వాళ్ళ చేతిలోనే ఉంటాయి. "గ్రేలిస్టింగ్" అన్న చోట టిక్ పెట్టే ముందు, ఆ టిక్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి ఉంటే మంచిదని మా ఉద్దేశం.

మొదట మెయిల్ గుమ్మం దగ్గర కాపలా అనేదే లేదు. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ అనే ఆయన రాసిన ఆర్‌ఎఫ్‌సీ 821 అనే పత్రంలో ఎస్‌ఎంటీపీ పద్ధతి ఉంది. ఇప్పటికీ మెయిల్ నడిచేది దాని మీదే, తర్వాత 2001లో, 2008లో సవరించారంతే. పద్ధతి చూస్తే మన ఊళ్ళో కబురు చెప్పినట్టే ఉంటుంది. వచ్చిన సర్వర్ ముందు "నేను ఫలానా" అంటుంది. తర్వాత "ఫలానా వాళ్ళు పంపేరు" అంటుంది. ఆ తర్వాత "ఫలానా వాళ్ళకి" అంటుంది. చివర ఉత్తరం చదివి వినిపిస్తుంది. ప్రతి మాటకీ ఇవతలి సర్వర్ మూడంకెల జవాబు ఇస్తుంది. 2తో మొదలైతే సరే అని. 5తో మొదలైతే కుదరదు, మళ్ళీ రావద్దని. 4తో మొదలైతే ఇప్పుడు కాదు, కాసేపాగి రమ్మని.

నేను ఫలానా అన్నవాడు నిజంగా ఫలానావాడేనా అని ఎవరూ అడగరు. అప్పటి నెట్‌వర్క్ అంతా కొన్ని వందల కంప్యూటర్లు. యూనివర్సిటీలు, సైనిక పరిశోధనశాలలు. చిన్న సంతలో ఎవరు ఏ ఊరి నుంచి దిగేరో మొహం చూసి చెప్పేయగలం కదా, అలాంటి రోజులవి. ఇక ఆ 4 అంకె పెట్టింది దొంగల కోసం కాదు. లైను తెగిపోతుంది, డిస్కు నిండిపోతుంది, అవతలి యంత్రం మరమ్మతులో ఉంటుంది. అలాంటప్పుడు ఉత్తరం పారేయకుండా దగ్గర పెట్టుకొని మళ్ళీ తీసుకురా అని చెప్పడానికి పెట్టేరు. పంపేవాడు ఒకసారి కుదరకపోతే కనీసం 30 నిమిషాలు ఆగి మళ్ళీ రావాలి, నాలుగైదు రోజుల దాకా తిరుగుతూనే ఉండాలి, అప్పుడుగానీ వదిలేయకూడదు అని నియమం. ఈ 4 అంకెని గుర్తుపెట్టుకోండి. ఇరవై ఏళ్ళ తర్వాత దీనితోనే పని.

పిలవని ఉత్తరాలు మాత్రం ఆ పత్రం కంటే ముందే మొదలయ్యాయి. 1978 మే 3న డీఈసీ అనే కంప్యూటర్ కంపెనీలో అమ్మకాలు చూసే గ్యారీ థుర్క్, తమ కొత్త యంత్రాల ప్రదర్శనకి రమ్మని ఆర్పానెట్‌లో ఉన్న సుమారు 400 మందికి ఒకే ఉత్తరం పంపేడు. అడ్రసులు ఎన్ని ఎక్కువయ్యాయంటే, పైన గడిలో పట్టక మిగిలినవి ఉత్తరం లోపలికి దిగిపోయాయి. ఆయనకి గట్టిగానే చీవాట్లు పడ్డాయి. అయితే యంత్రాలు కూడా అమ్ముడుపోయాయి. చీవాట్లు ఒకసారి తింటే సరిపోతుంది, లాభం మాత్రం మిగులుతుంది అన్న లెక్క అక్కడే తేలిపోయింది.

స్పామ్ అన్న పేరు ఒక డబ్బా మాంసానిది. 1970లో మాంటీ పైథాన్ అనే బ్రిటిష్ హాస్య బృందం చేసిన నాటికలో ఒక హోటల్లో ఏది అడిగినా అందులో స్పామ్ ఉంటుంది. మన హాస్టల్లో ఏ రోజు చూసినా అదే సాంబారు అన్నట్టు. ఆ విసుగే పేరుగా మిగిలిపోయింది.

1994 ఏప్రిల్ 12న జరిగినది మాత్రం మనం కొంచెం ఆగి చూడాలి. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలో లారెన్స్ క్యాంటర్, మార్తా సీగెల్ అనే భార్యాభర్తలు, ఇద్దరూ లాయర్లే, గ్రీన్ కార్డు లాటరీ గురించి ఒక ప్రకటన రాసి యూజ్‌నెట్‌లోని వేల చర్చావేదికల్లో ఒకేసారి వేసేరు. యూజ్‌నెట్ అంటే అప్పట్లో అందరూ చేరి మాట్లాడుకునే చోటు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి కూడా అక్కడ ఒక వేదిక ఉండేది. ఇంతకీ ఆ లాయర్లు అమ్మిందేటి? లాటరీకి దరఖాస్తు నింపి పెట్టడం. ఆ దరఖాస్తు ఎవరికి వాళ్ళు పోస్టులో పంపుకోవచ్చు, దానికి లాయరు అక్కర్లేదు. ఆశ ఉన్నవాడికి ఆ సంగతి తెలియకపోవడమే వాళ్ళ పెట్టుబడి. ఉచితంగా దొరికే ఫారానికి డబ్బులు పుచ్చుకునే బ్రోకర్లని మనం ఎన్నిచోట్ల చూడలేదు? ఈ రోజు "ఎంపికయ్యారు, సెక్యూరిటీ డిపాజిట్ కట్టండి" అని మన డిగ్రీ పిల్లలకి వచ్చే దొంగ ఉద్యోగం మెయిల్‌కి ముత్తాత ఆ ప్రకటనే.

మన దేశంలో విద్యాసంస్థల కోసం ఎర్నెట్ 1986లో మొదలయ్యింది. మామూలు జనానికి వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ ఇచ్చింది 1995 ఆగస్టు 15న, అదీ పెద్ద నగరాల్లో. అంటే మన వైపు పిల్లలు మొదటి మెయిల్ ఐడీ చేసుకునే నాటికి చెత్త మెయిల్, దాన్ని ఆపే కాపలా రెండూ తయారై ఉన్నాయి. ఆ కాపలా నియమాలు రాసేటప్పుడు మనం అక్కడ లేము.

మొదటి కాపలా బ్లాక్‌లిస్ట్. 1997లో పాల్ విక్సీ అనే ఇంజనీరు, తోటివాళ్ళు కలిసి చెత్త పంపే ఐపీ అడ్రసుల జాబితా ఒకటి పెట్టి, దాన్ని ఎవరైనా చూసుకునేలా చేసేరు. 1998లో స్టీవ్ లిన్‌ఫర్డ్ స్పామ్‌హౌస్ మొదలుపెట్టాడు. అది ఈ రోజుకీ నడుస్తోంది. మెయిల్ వస్తే సర్వర్ ముందు ఆ జాబితాని అడుగుతుంది: ఈ అడ్రసు మీ దగ్గర రాసి ఉందా? ఉంటే 5 అంకె జవాబు, అంతే.

ఇది చాలా చెత్తని ఆపింది, ఒప్పుకోవాలి. కానీ జాబితాలో ఒక్కోసారి ఒక అడ్రసు కాకుండా పక్కనున్న మొత్తం వరసే పడిపోతుంది. ఒకడు చెత్త పంపితే, అదే కంపెనీ దగ్గర లైను తీసుకున్న కాలేజీ, ఆసుపత్రి మెయిళ్ళు కూడా ఆగిపోతాయి. కొంతమంది పడమటి దేశాల సర్వర్ల నిర్వాహకులైతే ఆసియా దేశాల అడ్రసుల వరసలనే మొత్తంగా మూసేసేవారు. స్పామ్ మీద పనిచేసిన సురేష్ రామసుబ్రమణియన్ 2005లో ఓఈసీడీ కోసం వర్ధమాన దేశాల్లో స్పామ్ సమస్య మీద ఒక నివేదిక రాసేరు. బ్యాండ్‌విడ్త్ తక్కువగా, ఖరీదుగా ఉన్న దేశాలకి ఈ చెత్త బరువు ఇంకా ఎక్కువ అన్నది అందులో ముఖ్యమైన మాట. దిగుమతి అయ్యే చెత్తకి డబ్బు మనమే కట్టాలి, మళ్ళీ చెత్త పంపే దేశం అన్న పేరూ మనకే.

వరసంతటినీ ఒక్క జాబితాలో పడేయడం మన చరిత్రలో కొత్త కాదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని కులాలని, తెగలని పుట్టుకతోనే నేరస్తులుగా రాసిపెట్టింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకల వాళ్ళని తీసుకెళ్ళి బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో పెట్టింది ఆ కాలంలోనే. 1952 దాకా ఆ చట్టం రద్దు కాలేదు, రద్దయ్యాక కూడా ఆ ముద్ర పోలేదు. మనుషులు పడ్డ బాధని ఐపీ అడ్రసుతో సమానం అనడం లేదు మేము. కానీ జాబితా రాసేవాడి ఆలోచన ఒకేలా ఉంటుంది: ఒక్కొక్కర్నీ చూడ్డం కష్టం, గుంపుని చూడ్డం తేలిక. జాబితాలోకి ఎక్కడం క్షణం పని, దిగడానికి మాత్రం నువ్వు మంచివాడివని నువ్వే నిరూపించుకోవాలి. స్పామ్‌హౌస్ లాంటి మంచి జాబితాల్లో దిగడానికి ఒక పద్ధతి ఉంది. ఎవడో సొంతంగా రాసుకున్న జాబితాలో పడితే అడగడానికి కూడా దిక్కుండదు.

తర్వాత వచ్చిన పద్ధతి మాటలు చూసేది. 2002 ఆగస్టులో పాల్ గ్రాహం అనే ప్రోగ్రామర్ ఒక వ్యాసం రాసేడు. తనకి వచ్చిన చెత్త ఉత్తరాలు సుమారు 4000, మంచి ఉత్తరాలు సుమారు 4000 తీసుకొని, ఏ మాట ఏ గుంపులో ఎన్నిసార్లు వచ్చిందో లెక్క కట్టేడు. దాన్నిబట్టి ప్రతి మాటకీ 0కీ 1కీ మధ్య ఒక అంకె. అందులో తేలిన తమాషా ఏటంటే, ఎఫ్ఎఫ్0000 అనేది, అంటే వెబ్ పేజీలో ఎర్ర రంగుకి రాసే గుర్తు, బూతు మాటలంత గట్టిగా చెత్తని పట్టించింది. మనిషికి తోచని ఆనవాలు లెక్కకి తోచింది.

మరి లెక్కలో ఎప్పుడూ కనపడని మాట వస్తే? గ్రాహం దానికి 0.4 ఇచ్చాడు. అంటే సగం కంటే కొంచెం తక్కువ అనుమానం. కొత్తవాడిని మొదట మంచివాడిగానే చూద్దాం అని. ఇది మాకు నచ్చింది. సవర మాట ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపితే, ఆ జల్లెడ జీవితంలో దాన్ని చూసి ఉండదు, అయినా 0.4తో లోపలికి పంపుతుంది. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో కూర్చుని సవర మాటలు తెలుగు లిపిలో పోగుచేసేరు. 1936లో మాంగే గొమాంగో సవరకి సొంత లిపి చేసేడు. ఆ సొరాంగ్ సోంపెంగ్ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది 2012లో. చోటు దొరికితే అక్షరం కనపడుతుంది. కానీ ఆ భాషలో మంచి ఉత్తరం ఎలా ఉంటుందో, చెత్త ఉత్తరం ఎలా ఉంటుందో జల్లెడకి నేర్పాలంటే ఆ భాషలో వేల ఉత్తరాలు కావాలి. అన్ని జల్లెడలూ గ్రాహంలా కొత్త మాటని దయగా చూడవు. 2001లో జస్టిన్ మేసన్ మొదలుపెట్టిన స్పామ్‌అసాసిన్‌లో, మనకి రావాల్సిన లిపులు ఇవి, మిగతావి అనుమానించు అని చెప్పే సెట్టింగు ఒకటుంది. అందులో ఎంచుకోవడానికి ఇంగ్లీషు, జపనీస్, కొరియన్, రష్యన్, థాయ్, చైనీస్ ఇవే ఉన్నాయి. తెలుగు ఊసే లేదు. తెలుగు యూనికోడ్‌లో వెళ్తుంది కాబట్టి ఆ దెబ్బ మనకి నేరుగా తగల్లేదు, అంతే. స్పామ్‌అసాసిన్‌ని విండోస్ సర్వర్‌కి కూడా తగిలించుకోవచ్చు కాబట్టి ఈ ముక్క చెప్పేం.

ఇక 2003. ఆ ఏడాది ఆగస్టులో సోబిగ్-ఎఫ్ అనే వైరస్ లక్షల ఇళ్ళలో ఉన్న విండోస్ కంప్యూటర్లలో దూరి, యజమానికి తెలియకుండా వాటి చేత మెయిళ్ళు పంపించింది. అలా లొంగదీసుకున్న కంప్యూటర్లే చెత్త పంపేవాళ్ళకి కూలీలయ్యాయి. ఎక్కడి నుంచో ఎవరి ఇంటి నుంచో చెత్త వస్తుంటే బ్లాక్‌లిస్ట్‌లో ఎన్ని రాస్తారు? మాటలు చూసే జల్లెడకి కూడా పూర్తి ఉత్తరం లోపలికి వచ్చాకే పని. అప్పటికే లైను ఖర్చు అయిపోయింది.

అదే ఏడాది ఇవాన్ హారిస్ అనే ఆయన ఒక చిన్న ఆలోచన రాసేడు. దాని పేరే గ్రేలిస్టింగ్. తెల్ల జాబితా కాదు, నల్ల జాబితా కాదు, బూడిద రంగుది.

ఇది అర్థం కావాలంటే 1990ల్లో మన ఊళ్ళ తలుపుల మీద సుద్దతో, బొగ్గుతో రాసిన "ఓ స్త్రీ రేపు రా" గుర్తు తెచ్చుకోండి. మీకు తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. రాత్రి దెయ్యం వచ్చి తలుపు కొడుతుందని, ఆ రాత చూసి రేపు వద్దామని వెళ్ళిపోతుందని నమ్మేవారు. హారిస్ చేసింది కూడా అచ్చంగా అదే. తెలియనివాడు ఎవడొచ్చినా 4 అంకె జవాబు చెప్పు: 451, కాసేపాగి రా. వాడు నిజమైన మెయిల్ సర్వర్ అయితే నియమం ప్రకారం ఉత్తరం దగ్గర పెట్టుకొని మళ్ళీ వస్తాడు. చెత్త పంపే ప్రోగ్రాం అయితే దాని చేతిలో కోటి అడ్రసులున్నాయి, ఒక్కడి కోసం ఆగదు, తిరిగి రాదు. లైను తెగినప్పుడు వాడాల్సిన అంకెని హారిస్ మనిషిని పరీక్షించడానికి వాడేడు.

వచ్చినవాడిని గుర్తుపెట్టుకోవడానికి మూడు సంగతులు రాసుకుంటుంది సర్వర్: ఏ ఐపీ అడ్రసు నుంచి వచ్చేడు, ఎవరు పంపేరన్నాడు, ఎవరికన్నాడు. ఈ మూడూ కలిపి ఒక వరస. హారిస్ చెప్పిన లెక్కలు ఇవి: మొదటిసారి వచ్చినవాడిని ఒక గంట ఆపు. నాలుగు గంటల్లోపు తిరిగి రాకపోతే పేరు కొట్టేయి. తిరిగి వచ్చి లోపలికి వెళ్ళినవాడి పేరు 36 రోజులు ఉంచు, ఆ లోపు ఎప్పుడొచ్చినా ఆపకు. ఈ 36 ఎందుకు? నెలకోసారి, ఉదాహరణకి ప్రతి నెలా మొదటి సోమవారం, వచ్చే ఉత్తరాలుంటాయి. ఆ సోమవారాల మధ్య ఒక్కోసారి ఐదు వారాలు పడుతుంది. ఐదు వారాలంటే 35 రోజులు, పైన ఒక రోజు జాగ్రత్తకి. వారం సంతల లెక్కలో పెరిగిన మనకి ఇది ఇట్టే అర్థమవుతుంది.

తొలిరోజుల్లో ఇది బాగా పనిచేసింది. ఉత్తరం లోపలికి రాకముందే ఆపుతుంది కాబట్టి బ్యాండ్‌విడ్త్ మిగులుతుంది, తక్కువ లైను ఉన్నవాళ్ళకి అది పెద్ద మేలు. 2004 జనవరిలో దావోస్‌లో బిల్ గేట్స్ రెండేళ్ళలో స్పామ్ సమస్య తీరిపోతుందన్నాడు. ఆ రెండేళ్ళు ఇంకా అవ్వలేదు.

ఆ గేట్స్ గారి మైక్రోసాఫ్ట్ తన ఎక్స్చేంజ్ సర్వర్ 2003కి 2004లో ఇంటెలిజెంట్ మెసేజ్ ఫిల్టర్ ఇచ్చింది. అది ఉత్తరం చూసి 0 నుంచి 9 దాకా మార్కు వేస్తుంది, 9 అంటే చెత్తే అని. కానీ గ్రేలిస్టింగ్ మాత్రం ఎక్స్చేంజ్‌లో సొంతంగా రాలేదు, విడిగా వేరే సాఫ్ట్‌వేర్ తగిలించుకోవాల్సిందే. ఎక్స్చేంజ్ కొనలేని చిన్న సంస్థలకి విండోస్ మీద దొరికింది హెచ్‌మెయిల్‌సర్వర్. స్వీడన్‌కి చెందిన మార్టిన్ క్నాఫ్వే చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. పాత కంప్యూటర్ మీద కూడా నడిచేది కాబట్టి లోకమంతా చిన్న ఆఫీసులు, కాలేజీలు దాన్ని పెట్టుకున్నాయి. ఇప్పుడు దాని అభివృద్ధి ఆగిపోయింది, కొత్తగా పెట్టేవాళ్ళు ఆ సంగతి తెలిసి పెట్టాలి. అయినా పెట్టి ఉన్న చోట్లు చాలా ఉన్నాయి, నేర్చుకోవడానికి దానికంటే తేలికైనది మాకు కనపడలేదు.

అందులో స్పామ్ సెట్టింగులు తెరిస్తే పైన చెప్పిన చరిత్రంతా ఒక్కో టిక్‌గా కనపడుతుంది. పంపినవాడు చెప్పిన పేరు వాడి ఐపీ అడ్రసుతో సరిపోతోందా అన్నది ఒక పరీక్ష. ఎస్‌పీఎఫ్, అంటే ఈ డొమైన్ పేరున మెయిల్ పంపడానికి ఎవరెవరికి హక్కుందో డొమైన్ యజమానే డీఎన్‌ఎస్‌లో రాసిపెట్టిన పత్రం, అది ఇంకో పరీక్ష. స్పామ్‌హౌస్ జాబితా ఇంకొకటి. ప్రతి పరీక్షకీ కొన్ని మార్కులు, తప్పినకొద్దీ కలుస్తాయి. మొదట ఉండే లెక్క ప్రకారం 5 మార్కులు దాటితే స్పామ్ అని గుర్తు వేసి లోపలికి పంపుతుంది, 20 దాటితే అక్కడే తిప్పి పంపేస్తుంది. ఏ ఒక్క పరీక్షకీ ఒంటరిగా ఉత్తరాన్ని చంపే బలం ఇవ్వకుండా, కలిపి చూడమన్న పద్ధతి ఇది. కొందరు విసుగెత్తి బ్లాక్‌లిస్ట్‌కి ఒక్కదానికే 20 మార్కులు ఇచ్చేస్తారు. అప్పుడు వరసలో పడ్డ కాలేజీ ఉత్తరం కబురు లేకుండా పోతుంది. దయచేసి ఆ పని చేయకండి.

గ్రేలిస్టింగ్ పేజీలో మూడు గడులున్నాయి: ఎన్ని నిమిషాలు ఆపాలి, తిరిగి రానివాడి పేరు ఎన్నాళ్ళు ఉంచాలి, వచ్చినవాడి పేరు ఎన్నాళ్ళు ఉంచాలి. మొదట ఉండేవి 30 నిమిషాలు, 1 రోజు, 36 రోజులు. హారిస్ 36 చూసేరా, ఎక్కడో రాసిన అంకె అలాగే వచ్చి కూర్చుంది. ఈ పేజీలో టిక్ పెడితే సరిపోదు, డొమైన్ సెట్టింగుల్లో కూడా విడిగా గ్రేలిస్టింగ్ ఆన్ చేయాలి. అది చేయక, పనిచేయట్లేదని తల పట్టుకునేవాళ్ళు ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నిజమైనవాడు తిరిగి వస్తాడు అన్నది ఈ పద్ధతికి పునాది. ఆ మాట మనం ఎక్కడ విన్నాం? సర్టిఫికెట్ కోసం ఆఫీసుకి వెళ్తే వింటాం. సార్ లేరు, రేపు రా. సర్వర్ డౌన్, సోమవారం రా. నిజంగా అవసరమున్నవాడు వస్తాడులే అని వాళ్ళ ధీమా. మండల కేంద్రం పక్కన ఇల్లున్నవాడికి రేపు రావడమంటే పది నిమిషాల నడక. కొండ మీద గూడెం నుంచి దిగినవాడికి ఒక రోజు కూలి, జీపు ఛార్జీ, వర్షాకాలమైతే గెడ్డ దాటడం. ఇద్దరికీ చెప్పింది ఒకే మాట, పడ్డ ఖర్చు ఒకటి కాదు. తిరిగి రాలేనివాడికి అవసరం లేదని రాసుకుంటారు.

గ్రేలిస్టింగ్‌లో కూడా సరిగ్గా ఇదే జరిగింది. తిరిగి రాలేని నిజమైనవాళ్ళు ఉన్నారు. ఏదో వెబ్‌సైటు ఫారం నింపితే ఒక్కసారే మెయిల్ పంపి ఊరుకునే చిన్న ప్రోగ్రాంలు ఉన్నాయి, వాటికి ఉత్తరం దాచుకునే చోటే ఉండదు. హెచ్‌మెయిల్‌సర్వర్ తను పంపేటప్పుడు, మొదటిసారి కుదరకపోతే మళ్ళీ ప్రయత్నించేది 60 నిమిషాలకి. అంటే ఇలాంటి చిన్న సర్వర్ నుంచి ఇంకో చిన్న సర్వర్‌కి వెళ్ళే మొదటి ఉత్తరం గంట ఆలస్యం. పెద్ద కంపెనీలది ఇంకో తమాషా. వాటికి వందల సర్వర్లు, మొదటిసారి ఒక అడ్రసు నుంచి వస్తే రెండోసారి ఇంకో అడ్రసు నుంచి వస్తాయి. గుమ్మంలో ఉన్నవాడికి ప్రతిసారీ కొత్త మొహమే, ప్రతిసారీ రేపు రా. పెద్దవాళ్ళ కోసం నిర్వాహకులు వెంటనే మినహాయింపు జాబితా రాసేరు. చిన్నవాళ్ళ కోసం ఎవరు రాస్తారు?

పదిహేను నిమిషాల్లో గడువు తీరిపోయే ఓటీపీ, పాస్‌వర్డ్ మార్చుకునే లింకు మెయిల్‌లో రావడం మొదలయ్యాక కష్టం ఇంకా పెరిగింది. 1982లో ఉత్తరం ఒక రోజు ఆలస్యమైతే ఎవరికీ ఏమీ కాలేదు. దరఖాస్తుకి చివరి రోజు సాయంత్రం, నెట్ సెంటర్‌లో గంటకింత అని కట్టి కూర్చున్న కుర్రాడికి 30 నిమిషాలు ఆలస్యమైతే, ఈలోగా కరెంటు పోతే, ఆఖరి బస్సు వెళ్ళిపోతే? లింకు వస్తుంది, చచ్చిన లింకు వస్తుంది. 2012లో గ్రేలిస్టింగ్ మీద ఆర్‌ఎఫ్‌సీ 6647 అనే పత్రాన్ని ముర్రే కుచెరావీ, డేవ్ క్రాకర్ రాసేరు. ఆలస్యం, తిరిగి రాని నిజమైన సర్వర్లు అనే ఈ ఇబ్బందులన్నీ అందులో ఒప్పుకున్నారు.

ఈలోగా చెత్తగాళ్ళు కూడా నేర్చుకున్నారు. వాళ్ళ ప్రోగ్రాంలు కూడా కాసేపాగి తిరిగి రావడం మొదలుపెట్టాయి. డబ్బున్న దొంగ రెండుసార్లు తిరగగలడు. 2008 నవంబరులో అమెరికాలో మెక్‌కోలో అనే ఒక్క హోస్టింగ్ కంపెనీకి లైను పీకేస్తే లోకంలో స్పామ్ సగానికి పైగా పడిపోయింది. గుమ్మం దగ్గర కాపలా కంటే మూలం దగ్గర పీకడం ఎంత బలమైనదో తెలిసింది, కొన్ని నెలల్లో మళ్ళీ పెరిగింది అనుకోండి. మన దేశంలో ఈమెయిల్ స్పామ్ కోసమే అంటూ ఒక చట్టం లేదు. ఐటీ చట్టంలో 66ఏ సెక్షన్‌లో విసిగించే మెయిళ్ళ మీద ఒక ముక్క ఉండేది. భావప్రకటన స్వేచ్ఛని తొక్కుతోందని 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌నే కొట్టేసింది. ట్రాయ్ నియమాలు ఫోన్ కాల్స్‌కి, ఎస్‌ఎంఎస్‌లకే.

ఇప్పుడు గాలి పత్రాల వైపు మళ్ళింది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పెద్దఎత్తున మెయిల్ పంపేవాళ్ళని ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ చూపించమంటున్నాయి. గూగుల్ లెక్కలో రోజుకి 5000కి పైగా పంపేవాళ్ళు పెద్దవాళ్ళు. చిన్నవాళ్ళకి కూడా ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో ఒకటైనా ఉండాలి. ఎవడివో మొహం చూసి అడగడం మానేసి, పత్రం చూపించు అంటున్నారన్నమాట. ఒక రకంగా ఇది రేపు రా కంటే నయం. పత్రం ఒకసారి డీఎన్‌ఎస్‌లో రాస్తే చాలు, తిరగక్కర్లేదు, ఖర్చు కూడా లేదు. రాయడం తెలియాలంతే. సంఘాలకి, కాలేజీలకి డొమైన్ చూసే మనవాళ్ళు ముందు చేయాల్సిన పని ఇదే.

గ్రేలిస్టింగ్ పెట్టాలా వద్దా అని అడిగితే, చిన్న సర్వర్ అయితే పెట్టొచ్చు, కానీ ఇలా పెట్టండి అంటాం. ఎస్‌పీఎఫ్ సరిపోయినవాడిని ఆపకు అని హెచ్‌మెయిల్‌సర్వర్‌లో ఒక టిక్ ఉంది, అది తప్పకుండా పెట్టండి. పత్రం చూపించినవాడిని మళ్ళీ రమ్మనడం అన్యాయం. డొమైన్‌కి మెయిల్ తీసుకునే సర్వర్ నుంచే మెయిల్ వస్తే ఆపకు అన్న టిక్ కూడా పక్కనే ఉంటుంది. 30 నిమిషాలని 5కి దించండి. తిరిగి రాని ప్రోగ్రాం ఐదు నిమిషాలకీ రాదు, ముప్పైకీ రాదు. ఆ పాతిక నిమిషాలూ నిజమైనవాడి జేబులోంచి పోతాయి. తిరిగి రానివాడి పేరు ఒక రోజు ఉంచే గడిని మాత్రం తగ్గించకండి, నెమ్మదిగా తిరిగి వచ్చే చిన్న సర్వర్లకి ఆ రోజు కావాలి. యూనివర్సిటీ, పరీక్షల బోర్డు, స్కాలర్‌షిప్ మెయిళ్ళు వచ్చే అడ్రసులని మినహాయింపు జాబితాలో మీరే రాయండి, ఎవరో అడిగేదాకా ఆగకండి.

పెట్టిన మొదటి వారం రోజూ సాయంత్రం లాగ్ తెరిచి చూడండి. 451 అని పోయినవాళ్ళ పక్కన, మళ్ళీ వచ్చినవాళ్ళని ఒకవైపు, రానివాళ్ళని ఒకవైపు కాగితం మీద రాసుకోండి. రానివాళ్ళ వరసలో కాలేజీ పేరో, ఆసుపత్రి పేరో, ఏదైనా ప్రభుత్వ శాఖ పేరో కనపడితే అక్కడికి ఫోన్ చేసి, మీ ఉత్తరం మా గుమ్మం దగ్గర ఆగిపోయిందండి, మళ్ళీ పంపండి అని చెప్పండి. ఆ అడ్రసుని అదే పూట మినహాయింపు జాబితాలో వేయండి.